మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి

ఏప్రిల్ 29

హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మనవరాలు పక్క గదిలో కూర్చుని టైపు చేసిన మెసేజ్ ఊరంతా తిరిగి నా ఫోనులోకి వచ్చింది. "అధిక ఉష్ణోగ్రతల దృష్ట్యా పౌరులు తగు జాగ్రత్తలు పాటించవలసిందిగా కోరడమైనది." జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఈ వాక్యం చదివి ఎవడూ గ్లాసెడు నీళ్ళు తాగడు. తాగినా అది దాహంతో కాదు, విసుగుతో.

ఆ మాటే దానితో అన్నాను. మా డిపార్ట్‌మెంట్ మెసేజ్‌లు ఇలాగే ఉంటాయి నానమ్మా, ఆఫీసర్లు ఒప్పుకున్న మాటలే వాడాలి అంది. ఆఫీసర్లకు చెమట పట్టదు కాబోలు.

మే 2

ఇవాళ మెసేజ్ రాలేదు, ఫోనే మోగింది. యంత్రం చేత చదివించారు. ఎండ దెబ్బకు ప్రాణం పోవచ్చన్న సంగతిని ఆ గొంతు రైలు ఆలస్యమైందన్నట్టు చెప్పింది.

జనం మొదటి మాటకే కట్ చేస్తున్నారట. మనవరాలు దిగులుగా చెప్పింది. కట్ చేసినవాళ్ళను నేను తప్పు పట్టను అన్నాను. అయితే నువ్వే చెప్పు, నోరుంది కదా అని ఫోను నా ముందు పెట్టింది. వెక్కిరింపుకే పెట్టింది. నేను ఊరుకునే రకం కాదని దానికి ఇంకా తెలియదు.

మే 3

రికార్డు చేశాం. ఆఫీసరు విని ముందు దగ్గాడట, తర్వాత పంపించమన్నాడట.

"ఏం, ఎక్కడికి బయలుదేరారు ఈ ఎండలో? నెత్తిన గుడ్డయినా లేకుండా. నీళ్ళు ముందే తాగండి. దాహం మీ ఇంట్లో పనిమనిషి కాదు, వేళకు వచ్చి చెప్పడానికి. పగటిపూట ఎండ వచ్చే వైపు కిటికీలు మూయండి. బీపీకో గుండెకో మాత్రలు మింగేవాళ్ళు డాక్టరునడగండి, సొంత తెలివితో మానెయ్యకండి."

చివర మనవరాలు "మానసిక గందరగోళం" అని రాసి ఇచ్చింది. కొట్టేశాను. "మనిషి తన తీరున కాకుండా మాట్లాడుతుంటే ఆలోచిస్తూ కూర్చోకండి. నీడకు చేర్చండి, ఒళ్ళు తడపండి, విసరండి, అంబులెన్స్ పిలవండి" అన్నాను. ఈ ఒక్క వాక్యం మీద ఆఫీసులో మీటింగ్ పెట్టారట. నెగ్గింది.

మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కండి అన్నది మాత్రం వాళ్ళే తగిలించారు. నా మాట ఒకసారి వింటే చాలదా?

మే 6

మందుల షాపతను బీపీ బిళ్ళలు చేతిలో పెడుతూ, పొద్దున్నే నన్ను తిట్టారు మేడమ్ అన్నాడు. వాళ్ళావిడ రెండుసార్లు నొక్కి వినిపించిందట. తను అనాల్సినవన్నీ మేడమే అనేసింది, నాకు నోటి పని తప్పింది అందట.

నా దగ్గర చదువుకున్న బట్టతల ఒకడు వీధిలో ఎదురయ్యాడు. నన్ను చూడగానే జేబులోంచి కర్చీఫ్ తీసి నెత్తిన వేసుకున్నాడు. హోంవర్కు ఎప్పుడూ ఇంత త్వరగా చూపించలేదు వెధవ.

మే 7

పైఆవిడ సంగతి రాయక తప్పదు.

పైఆవిడ అంటే నా తోడికోడలు. కింది వాటా మాది, మేడమీద రేకుల గది ఆవిడది. మగవాళ్ళిద్దరూ పోయారు, పోట్లాట మాత్రం మాకు మిగిలింది. మా అత్తగారి పడక కుర్చీ నా దగ్గరుంది. అది తనకిస్తానని అత్తగారు అన్నారని ఆవిడ వాదన. మా అత్తగారు ఎవరికీ ఏదీ ఇస్తానని అన్న మనిషి కాదు. అప్పటినుంచి మాటల్లేవు. మెట్ల దగ్గర నిలబడి గోడకు చెప్పుకోవడం ఉంది, అది మాటల కింద లెక్క కాదు. నా నంబరు బ్లాక్ చేసిపెట్టుకుంది.

ఇవాళ పన్నెండింటికి పైన ఫోను మోగింది. చెవి మందం కదా, స్పీకరు పెట్టుకుంటుంది. "ఏం, ఎక్కడికి" అని నా గొంతు మొదలైంది, అక్కడే తెగిపోయింది. కాసేపటికి తడిబట్టల బకెట్ పట్టుకుని డాబా మీదికి వచ్చింది. తెల్లారగానే బట్టలు ఆరేసుకునే మనిషి, నడినెత్తి ఎండలో, ఒక్కో గుడ్డా దులిపి దులిపి ఆరేసింది. నేను వాకిట్లో ఉన్నానని చూసుకునే ఆరేసింది.

ఊరంతటికీ బుద్ధి చెప్పిన గొంతు ఈవిడ పాలిట ఇలా తయారైంది.

మే 9

కిటికీలు మూయమన్నాను, ఆవిడ తెరిచింది. ఎండలో తిరగొద్దన్నాను, డాబా మీద పచార్లు చేస్తోంది. ఆ రేకుల కింద, ఆ బీపీతో, ఒంట్లో నీరు లాగేసే మాత్ర మింగుతూ.

ఆ ఒక్క నంబరుకు మళ్ళీ యంత్రం గొంతే పెట్టమన్నాను. పెట్టారు. యంత్రం వెనకాల కూడా నేనే ఉన్నానని కట్ చేసింది. అయితే అన్నీ తిరగేసి చెబుతాను, ఎండలో తిరుగు, నీళ్ళు తాగకు అని రికార్డు చెయ్యి, చచ్చినట్టు బతుకుతుంది అన్నాను. ఆఫీసు నుంచి తప్పు మాట వెళ్ళకూడదు నానమ్మా, నా ఉద్యోగం పోతుంది అంది.

పిల్ల రోజూ పైకి వెళ్ళి, కింద మా కూలరు దగ్గరికి రమ్మని పిలుస్తోంది. మీ నానమ్మ రమ్మందా అని అడిగిందట. లేదు చిన్న నానమ్మా, నేనే పిలుస్తున్నా అందట. పోనీ మీ నానమ్మ వద్దందా అని అడిగిందట. అదీ లేదందట. మరి నేను రావడం ఎందుకు అందట.

నువ్వే వెళ్ళి ఒక్క మాట పిలవొచ్చుగా అంది మనవరాలు. ఆ మాట నేను వినిపించుకోలేదు.

మే 12, మధ్యాహ్నం

పిల్ల ఆఫీసుకెళ్ళింది. గోడలు ముట్టుకుంటే కాలుతున్నాయి. పొద్దుటినుంచి పైన అడుగుల చప్పుడు లేదు.

మెట్ల దగ్గర నిలబడి గోడకు చెప్పాను. పాత సామాన్లవాడు సాయంత్రం వస్తున్నాడు, ఆ పడక కుర్చీ ఇచ్చేస్తున్నాను, అల్లిక ఊడిపోయింది, ఎవరిక్కావాలి అని. నా వాక్యం పూర్తయ్యేలోపే జవాబు రావాలి. నా పుట్టింటివాళ్ళందరూ వరసన రావాలి ఆ జవాబులో.

రాలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. లేదు.

ఆ కుర్చీ మాటకు పలకలేదంటే పలికే స్థితిలో లేదు. పైకి వెళుతున్నాను.

మే 12, సాయంత్రం, ఆసుపత్రి

మోకాళ్ళు వద్దన్నా ఎక్కాను. తలుపు ఓరగా ఉంది. నేలమీద మంచానికి ఆనుకుని కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది, ఒంటిమీద చెమట చుక్క లేదు. నన్ను చూసి నవ్వింది. రా అక్కయ్యా, ఎండన పడి వచ్చావు, కూర్చో, కాసిని నీళ్ళివ్వనా అంది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ నన్ను అలా పిలవడం ఇదే మొదలు. మనిషి తన తీరున లేదు.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. ఎలా ఉన్నారని అటువైపు అమ్మాయి అడిగింది. ఒళ్ళు కాలుతోంది, మర్యాదగా మాట్లాడుతోంది అన్నాను. మామూలుగా మాట్లాడరా అంది. నాతో మాట్లాడదు అన్నాను. ఆ అమ్మాయి నా గొంతు పోల్చుకుని, మీరు ఫోనులో తిట్టే మేడమ్ కదూ, బండి బయలుదేరింది, ఒళ్ళు తడుపుతూ ఉండండి అంది.

మూలన బకెట్ ఉంది. నా మీద కక్షతో మధ్యాహ్నం ఆరెయ్యాలని ఉంచుకున్న తడిబట్టలు. దుప్పటీ, తువ్వాళ్ళూ అన్నీ ఆవిడ మీదే కప్పాను. పళ్ళెంతో గాలి విసిరాను. నోట్లో మాత్రం నీళ్ళు పోయలేదు, మతి సరిగా లేనివాళ్ళకు ఊపిరి గొట్టంలోకి పోతాయి. ఎంత మంచిదానివి అక్కయ్యా అంది. నోర్ముయ్, ఇంకొక్క మంచి మాట అన్నావంటే ఊరుకోను అన్నాను. చెయ్యి ఆగితే ఏడుపొస్తుందేమోనని విసురుతూనే ఉన్నాను.

మే 13

ఇంకా మర్యాదగానే ఉంది.

మే 14

కళ్ళు తెరిచింది. నా వంక చూసింది. నర్సుతో, ఈవిణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారమ్మా అంది.

నర్సు పాపం నొచ్చుకుంది, ఆవిడకింకా స్పృహ సరిగా లేదండీ అని నన్ను ఓదార్చబోయింది. ఉందమ్మా, పూర్తిగా ఉంది అన్నాను. బయట బెంచీ దాకా నడిచి కూలబడ్డాను.

మే 18

ఎండలు తగ్గేదాకా రేకుల గది వద్దన్నాడు డాక్టరు. ఆయన మాటైతే వింటుందట. మా ముందుగదిలో దిగింది. పడక కుర్చీలో పడుకుంది. కూలరు తన వైపు తిప్పుకుంది. అత్తగారి కుర్చీని ఏ గతి పట్టించారో అని గోడతో అంది. మిగిలిన అల్లిక ఎవరి నడుము భారానికి ఊడుతుందో ఇవాళే తెలుస్తుంది అని నేనూ గోడతో అన్నాను.

నా మెసేజ్ కూడా ఈ మధ్య కట్ చేస్తున్నారట జనం. తిట్లకు అలవాటు పడిపోయారు, కొత్త గొంతు కావాలి అంటోంది మనవరాలు. సాయంత్రం అదీ పైఆవిడా తలుపేసుకుని గుసగుసలాడారు.

మే 22

పన్నెండింటికి ఫోను మోగింది. స్పీకరు పెట్టాను.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టినావిడ నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మంచి మాట అనలేదు. ఆవిడ మాట వినక నేను ఆసుపత్రిలో పడ్డాను. అయినా ఆవిడ మాట వినమని నా నోటితో చెప్పను. నా మాట వినండి. నీళ్ళు తాగండి."

ముందుగదిలో కుర్చీ కిర్రుమనడం ఆగింది. నేను కట్ చేస్తానేమోనని చెవి ఒగ్గి కూర్చుంది.

ఒకటి నొక్కాను.