గుర్రం ముందు బంటు

ఆదివారం, సాయంత్రం ఆరు

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు. నా మోకాళ్ళు తప్ప ఇంట్లో అందరూ కులాసా. నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఈ ఉత్తరం మీ మామయ్య చేత హాస్టలుకు పంపుతున్నాను.

ముందు నీ మాట ఒకటి సరిదిద్దాలి. హాలు మెట్లు దిగుతూ, డ్రా అంటే ఆడనట్టే అమ్మమ్మా, పైగా ఆ ఓపెనింగ్ నువ్వు నేర్పిందే, ఇందులో నాదేముంది అన్నావు. అంతకుముందే, రేపటి ఆఖరి రౌండు ఆడనని కాగితం రాసి రెఫరీ చేతిలో పెట్టొచ్చావట. నిన్నటిదాకా బుద్ధిగానే ఉన్నావే!

నువ్వు చదరంగం బల్ల మీదకు వంగి ఉన్నావు, నీకు కనపడలేదు. నేను చూశాను. ఎదురుగా ఏడేళ్ళుగా ఓటమి ఎరగని పళ్ళ డాక్టరు. రెండో ఎత్తుకే నువ్వు గుర్రం ముందున్న బంటును రెండు గళ్ళు తోసి ఆయన శకటు నోటికి అందించావు. పిల్లకు మతి పోయిందా అని నా పక్కనున్న దర్జీ గొణిగాడు. నోరు మూసుకుని చూడు నాయనా అన్నాను. ఆ బంటును తినడానికి డాక్టరు ఇరవై నిమిషాలు ఆలోచించాడు. పుచ్చుపన్నునైనా అంతసేపు చూసి ఉండడు.

ఆ తర్వాత ఐదు గంటలు. చివరికి నీకు మిగిలింది ఒక్క గుర్రం. ఆయనకు గుర్రమూ, ఇంకొక్క గడి జరిగితే మంత్రి అయ్యే బంటూ. నువ్వు గుర్రాన్ని బలిచ్చి ఆ బంటును తినేశావు. ఒంటి గుర్రంతో రాజుకు ఆట కట్టించడం ఎవరి తరం? ఆట డ్రా. దర్జీ లేచి నిలబడ్డాడు. డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని, ఖాళీ బల్లను మళ్ళీ చూశాడు. నా కూతురి కడుపున పుట్టిన పిల్లేనా ఇది అనిపించింది.

ఇట్లు,
పొగడ్త అలవాటు లేని
అమ్మమ్మ

తా.క. ఆ ఓపెనింగ్ పాతకాలపు ఉద్దండులదని నీ ఏడో ఏట చెప్పానే, అబద్ధం. ఆ రోజు నీతో ఆడుతూ గుర్రాన్ని తియ్యబోతే నా చెయ్యి ముందున్న బంటుకు తగిలింది. ముట్టుకున్న పావునే ఆడాలని ముందురోజే నీ చెవి మెలిపెట్టాను, ఇక నేనెలా తప్పించుకోను? ఒక్క గడి జరిపితే పసిగడతావని దర్జాగా రెండు తోశాను. ఆ తర్వాతి ఎత్తేమిటో నాకిప్పటికీ తెలియదు. నేను నేర్పింది నా పొరపాటు. దాన్ని ఆటగా చేసింది నువ్వు.

రేపు తొమ్మిదిలోపు రెఫరీ దగ్గరకెళ్ళి నీ కాగితం వెనక్కి తీసుకో. దారిలో ఒక మంచి కలం కొనుక్కో. ఇవాళ నువ్వు ఆడుతూ కాగితం మీద రాసుకున్న ఎత్తుల్లో సగానికి సిరా అంటలేదు.