తాళం వేసిన గదికి వైరు

గద్వాల, 9 మే 1943

ఇందిర పోయి అయిదు నెలల మూడు వారాలు. ధనిష్ఠా నక్షత్రంలో పోయింది గనుక ఆమె గదికి ఆరు నెలలు తాళం. ఇంకో వారంలో తీస్తారు.

జబ్బులో ఉన్నప్పుడు ఆమె పాటలు వినాలని ఒక స్పీకరు ఆ గదిలో పెట్టాను. ఇంకొకటి హాల్లో. ఆంప్లిఫైయరు నుంచి దేని వైరు దానికే. లోపలి స్పీకరు లోపలే ఉండిపోయింది.

ఈ రోజు దుమ్ము తుడిచి వైర్లు మళ్లీ కట్టాను. పొరపాటున గది వైరును ఇన్‌పుట్ స్క్రూలకు బిగించాను. రికార్డు పెట్టకముందే హాలు స్పీకరులో నులకమంచం కిర్రుమంది.

10 మే

అలా కడితే స్పీకరే మైకవుతుంది. కాలేజీలో చదివిందే. గదిలో ఎలుకలుంటాయి.

సాయంత్రం దాకా విన్నాను. ఆమె పక్కకు ఒత్తిగిలితే మంచం రెండుసార్లు కిర్రుమనేది. రెండుసార్లే వినిపించింది.

12 మే

వినలేదు.

13 మే, మధ్యాహ్నం

వైర్లు తిప్పి కట్టాను. హాలు స్పీకరుకు నోరు ఆనించి, మందు తాగావా అని అడిగాను. మళ్లీ తిప్పి కట్టి విన్నాను. గ్లాసు బండ మీద పెట్టిన చప్పుడు.

14 మే

తలుపు తీయడానికి అత్తగారు లక్ష్మీదేవమ్మ, బావమరిది శంకరయ్య కోడేరు నుంచి వచ్చారు. వైర్లు చూసి శంకరయ్య, "కోడేరు దాంక గూడ ఒకటి గుంజు బావా, మా ఇంటామె తిట్లు ఈడికెల్లే వింట" అన్నాడు. అతనికి వినిపించాను. చెప్పులు మరిచి బజారు దాకా వెళ్లాడు.

అత్తగారు కదలకుండా విన్నది. తరువాత, "నాయనా, నా బిడ్డను గా అర్రల కట్టెయ్యకుండ్రి. దాన్ని పోనియ్యుండ్రి" అన్నది. ఇంకో నెల ఆగుదామని అడిగాను. ఒప్పుకోలేదు. తాళంచెవి ఆమె కొంగునే ఉంది.

16 మే, ఉదయం 10

తలుపు తీశారు. నేను వెళ్లలేదు. హాల్లో స్పీకరు దగ్గర కూర్చున్నాను. అత్తగారి అడుగులు. శంకరయ్య దగ్గు. కిటికీ తెరిచారు. "ఇగ పో బిడ్డా" అన్నది అత్తగారు.

లోపలికి వెళ్లింది ఇద్దరు. బయటికి వచ్చేటప్పుడు మూడు జతల అడుగులు. మూడో జతకు మెట్టెలున్నాయి. అత్తగారు మెట్టెలు తీసేసి పదేళ్లు.

హాల్లోకి ఇద్దరే వచ్చారు.

18 మే

వాళ్లు కోడేరు వెళ్లిపోయారు. ఆంప్లిఫైయరును ఆమె గదిలోకి మార్చి, వైర్లు తిప్పి కట్టాను. మంచం మీద కూర్చొని హాలును వింటున్నాను.

ఎవరో కుర్చీని స్పీకరు దగ్గరికి లాక్కున్నారు. మాట లేదు. వింటున్నట్టుంది.