క్యాప్ అంటే టోపీ కాదు

సృజన్ బావా, పొలం నుంచి రాగానే ఇది చదువు. నేను పెద్ద కొడప్‌గల్ బస్సు అందుకోవాలి, బడికి ఆలస్యమవుతోంది. పప్పన్నం మెత్తగా కలిపి పెట్టాను, ఎడమవైపు నమలకు. నాలుగింటికి పళ్ల డాక్టర్ దగ్గరికి నువ్వొక్కడివే వెళ్లాలి. మూడుసార్లు సెలవు పెట్టి వెంట వచ్చాను, ఇక నాకు ఓపిక లేదు.

రూట్ కెనాల్ అయ్యాక పంటికి క్యాప్ వేయించుకోమని డాక్టర్ అంటే అత్తమ్మ ఏమంది? "నొప్పి పోయినంక టోపీ ఎందుకు బిడ్డా, గాయన నీకే టోపీ పెడుతుండు." నువ్వు నవ్వి ఊరుకున్నావు. నేనూ నవ్వాను, ఆ తప్పు నాది. నెల తిరక్కుండానే చెరుకు కొరికి పన్ను సగానికి విరగ్గొట్టుకున్నావు.

వేరు ఇంకా గట్టిగానే ఉందట. ఈరోజు అందులో సన్నటి కడ్డీ నిలబెట్టి, దానిమీద పన్ను కట్టి, తర్వాత క్యాప్ వేస్తారు. "ఇంకొంచెం పగిలిందంటే పీకుడే ఇగ" అన్నాడు డాక్టర్. ఈసారి అత్తమ్మను అడగకు, నన్నూ అడగకు.

ప్రియదర్శిని

తా.క. పన్ను విరిగినప్పటి నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నావు. నిన్న బస్టాండులో నన్ను చూడగానే అది మరిచిపోయి నవ్వావు. కాళ్లు పీకుతున్నా ఇంటిదాకా ఎగురుతున్నట్టే నడిచాను. విరిగిన పన్నుతో కూడా నువ్వు బాగుంటావు బావా. అయినా సరే, వెళ్లు.