ఫైలు మొదటి వరుసలో పేరు

మూడో తేదీ

ప్రియమైన చిన్నోడికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. అసలు సంగతికి వస్తాను.

మా నీటి పరీక్షల ల్యాబ్‌లో పది కంప్యూటర్లూ అద్దెవేనని నీకు తెలుసు. ముప్ఫయ్యో తేదీన అద్దెకిచ్చినవాళ్ళు వాటిని పట్టుకుపోతారు. వాటి బదులు సొంత పీసీలు కొనిపించి, వాటిని నడపడానికి మీరంతా కలిసి రాసి ఊరికే పంచే యునిక్స్ తరహా సిస్టం వేద్దామని మా పెద్దాఫీసరుని ఒప్పించింది నేనే. మీ సిస్టం ఏ సామానుతో నడుస్తుందో, దేనితో నడవదో నువ్వు రాసి ఉంచే జాబితా ఉందిగా, దాన్ని అచ్చు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. "మీ తమ్ముడు రాశాడంటే పూచీ మీదన్నమాట" అన్నాడాయన. సరేనన్నాను. ఇది సవ్యంగా జరిగితే వచ్చే నెల నుంచి విభాగం బాధ్యత నాకిస్తారు. పదహారేళ్ళుగా ఎదురుచూస్తున్నాను, నీ దగ్గర దాపరికమెందుకు.

నీ జాబితాలో "నడుస్తుంది" అని ఉన్న నెట్‌వర్క్ కార్డు ముందు ఒకటి తెచ్చి చూశాను. నడిచింది. అదే పేరున్నవి ఇంకో తొమ్మిది తెప్పించాను. ఆ తొమ్మిదిలో ఒక్కటీ నడవలేదు. మిషను లేచేటప్పుడు తెర మీద వచ్చే వరుసల్లో కార్డు ఊసే ఉండదు. కార్డులు నడవకపోతే మా ఫలితాలు నీటి సరఫరా ఆఫీసుకి వెళ్ళవు. ఏ వీధి కుళాయి మూయించాలో వాళ్ళకి తెలియదు.

ఏం చేయాలో వెంటనే రాయి. మరదలు ఎలా ఉంది? ఈమధ్య నీ ఉత్తరాల చివర తను రాసే రెండు ముక్కలూ ఉండటం లేదు.

నీ అక్క

*

ఆరో తేదీ

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూస్తే నవ్వొచ్చింది, కోప్పడకు. జాబితా తప్పు కాదు. ఆ వరుస రాసి రెండేళ్ళయింది, ఇంతవరకూ ఒక్కడూ పేచీ పెట్టలేదు. ఇలాంటి వాటిలో నూటికి తొంభై సార్లు తప్పు స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతిదే.

కార్డు గాడిలో పూర్తిగా దిగిందా? భయపడకుండా గట్టిగా నొక్కు. సౌండ్ కార్డులుంటే పీకేసి చూడు, రెండూ ఒకే నంబరు కోసం కొట్టుకుంటూ ఉంటాయి. కార్డు మీద బుల్లి ప్లాస్టిక్ టోపీలుంటాయి, జంపర్లంటాం. నడిచే కార్డు మీద అవి ఎలా ఉన్నాయో మిగతావాటి మీదా అలాగే పెట్టు. అప్పటికీ లేవకపోతే మధ్యలో ఉన్న నల్ల చిప్ మీది అంకెలు రాసి పంపు.

డ్రైవర్, అంటే కార్డుకీ సిస్టానికీ మధ్య మాట కలిపే ప్రోగ్రాం, నా పేరుతో వెళ్ళినదే. దాని నాడి నాకు తెలుసు. మీ పెద్దాఫీసరుకి ధైర్యం చెప్పు.

తను బాగానే ఉంది. పని ఒత్తిడి.

నీ తమ్ముడు

*

పదో తేదీ

ప్రియమైన చిన్నోడికి,

నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. నొక్కాను, పీకాను, టోపీలు మార్చాను. నా చేతిలో తప్పేమీ లేదు.

సూక్ష్మజీవుల మచ్చలు లెక్కపెట్టే భూతద్దం పెట్టి చిప్‌ల మీది అంకెలు చదివాను. నడిచే కార్డు మీద ఒక అంకె, మిగతా తొమ్మిదింటి మీద ఇంకో అంకె. రెండూ వెనకాల రాశాను. కొట్టాయన్ని అడిగితే "కంపెనీ ఈ ఏడు లోపలి చిప్ మార్చిందండీ, పేరు మాత్రం అదే ఉంచింది" అన్నాడు. నువ్వు డబ్బా మీది పేరు చూసి రాశావు, నేను డబ్బా మీది పేరు చూసి కొన్నాను. తప్పు ఇద్దరిదీ.

డ్రైవర్ నువ్వే రాశావు కాబట్టి కొత్త చిప్‌కి దాన్ని సర్దడం నీకు గగనం కాదనుకుంటాను. ఒక కార్డు కూడా దూదిలో చుట్టి పంపుతున్నాను. ఇంకా ఇరవై రోజులుంది.

మీ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఈసారి మరదలి చేత రెండు ముక్కలు రాయించు.

నీ అక్క

*

పదిహేనో తేదీ

ప్రియమైన అక్కకి,

కార్డు చేరింది, పనయ్యాక ఫ్లాపీతో పాటే తిప్పి పంపుతున్నాను. రెండు రోజుల్లో తేల్చేశాను. ఇందులో పెట్టిన ఫ్లాపీలో సరిచేసిన డ్రైవర్ ఉంది. ఏ ఆజ్ఞ తర్వాత ఏ ఆజ్ఞ కొట్టాలో వేరే కాగితం మీద రాశాను, ఉన్నదున్నట్టు కొట్టు. ఫైలు తెరిచి చూడక్కర్లేదు, నీకు అర్థం కాదు.

జాబితాలో పేరు పక్కన చిప్ నంబరు కూడా రాయాల్సింది, అందులో తప్పు నాదే. తీరిగ్గా చేస్తాను.

తనకి తీరిక లేదు. నీకు నమస్కారాలు చెప్పమంది.

నీ తమ్ముడు

*

పందొమ్మిదో తేదీ

చిన్నోడా,

నీ ఫ్లాపీ మూడో బల్ల మిషను మీద వేశాను. మిషను లేచింది, కార్డు కనిపించింది, నలభై నిమిషాలు నడిచింది. తర్వాత బిగుసుకుపోయింది. మీట నొక్కినా పలకలేదు. ఆ పొద్దున ఎక్కించిన నలభై ఒక్క నమూనాల ఫలితాలు పోయాయి. అప్పటికే సీసాలు కడిగేశాం. నలభై ఒక్క కుళాయిల దగ్గరికి మనుషుల్ని మళ్ళీ పంపాను. వాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని మళ్ళీ బయల్దేరారు, నన్ను తిట్టినా బాగుండేది.

తెరవొద్దన్నావు కాబట్టి ఫైలు తెరిచాను. ప్రోగ్రాం నాకు అర్థం కాలేదు, నిజమే. కానీ మధ్యమధ్యలో మన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఒకచోట "లేవగానే దీన్ని ఏమీ అడక్కండి, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అని ఉంది. ఇంకోచోట "రెండోసారి చెబితే వింటుంది, మొదటిసారి విననందుకు విసుక్కోకండి" అని ఉంది.

పోయినేడు మీరిద్దరూ మా ఇంట్లో పదిరోజులున్నారు. రెండోరోజు పొద్దున్నే నేను నిన్నేదో అడగబోతే, మరదలు నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి "లేవగానే ఆయన్ని ఏమీ అడక్కండి వదినా" అంది. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. అదే మాట, అదే తీరు. నువ్వు జన్మలో ఎవరినీ "విసుక్కోకండి" అన్నవాడివి కాదు.

ఫైలు మొదటి వరుసలో "రాసినవారు" అన్నచోట మాత్రం నీ పేరుంది. ఇది ఎవరు రాశారు? తను ఎక్కడుంది? సరిగ్గా జవాబు చెప్పు.

అక్క

*

ఇరవై రెండో తేదీ

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పొద్దుటి నుంచి బల్ల మీదే ఉంది. ఇప్పుడు రాస్తున్నాను.

డ్రైవర్ రాసింది తను. ఆ ఒక్కటే కాదు, నా పేరున ఉన్న నాలుగూ తనవే. నేను చేసిందల్లా జాబితా రాయడం, ఉత్తరాలకి జవాబివ్వడం. మొదటి డ్రైవర్ సిస్టంలో చేర్చమని మావాళ్ళకి పంపే రోజు తను ఆఫీసులో ఉంది. పంపేవాడి పేరు అడిగారు, నాది కొట్టాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఒకే ఇంట్లో ఎవరి పేరైతే ఏం అనిపించింది. తర్వాత మిగతా మూడూ అదే వరసలో వెళ్ళిపోయాయి.

నాలుగు నెలల కిందట ఎవరో పెద్ద ఉత్తరం రాశారు, ఆ డ్రైవర్ ఎంత ఓపిగ్గా రాశారో అని మెచ్చుకుంటూ. నేను జవాబు రాస్తున్నాను, "కష్టపడ్డాను, ఫలితం దక్కింది" అని. తను నా వెనక నిలబడి చదివింది. అన్నం తింది, పళ్ళెం కడిగింది, తన రెండు పెట్టెలు సర్దుకుంది. ఇప్పుడు ఊరికి ఆ చివర ఒక స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూస్తోంది. దగ్గర్లోనే గది తీసుకుంది. రెండుసార్లు వెళ్ళాను. తలుపు తీసి, నేను చెప్పింది విని, తలుపు వేసింది.

నీకు పంపిన ఫ్లాపీలో నేను చేసింది ఒక్కటే. డ్రైవర్ కొత్త చిప్‌ని కూడా పాతదే అనుకునేలా, అది గుర్తుపట్టే నంబర్లలో ఈ నంబరు చేర్చాను. అంతకుమించి నాకు చేతకాదు. నీ నలభై ఒక్క సీసాలకి నేనే కారణం. నాకు సిగ్గుగా ఉంది.

ఇంకా ఎనిమిది రోజులుంది. నువ్వు ఒక్క ముక్క రాస్తే తను కాదనదు. నీ మీద తనకి చాలా గౌరవం. కింద చిరునామా రాశాను.

నీ తమ్ముడు

*

ఇరవై ఐదో తేదీ

చిన్నోడా,

నేను రాయను.

తన పని నువ్వు తీసుకున్నావు. ఇప్పుడు నీ కోసం ఇంకో పని చేసిపెట్టమని నా చేత అడిగిస్తావా? వదిన అడిగితే కాదనలేదని నీకు తెలుసు, అందుకే అడగకూడదు. నా పది మిషన్లు పోతే పోనీ.

ఇవాళ పెద్దాఫీసరుకి జరిగింది చెప్పాను. ఇంటి విషయం చెప్పలేదు. ముప్ఫయ్యోకి తొమ్మిది మిషన్లు నడవవని మాత్రం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అంటే చూసేశాడనే.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. నాలుగు ఫైళ్ళలోనూ నీ పేరు తీసి తన పేరు పెట్టు. మీ సిస్టం వాడేవాళ్ళందరికీ ఎందుకు మార్చావో రాయి. తన దగ్గరికి వెళ్ళి అది చెప్పి వచ్చెయ్. నా కార్డుల సంగతి ఎత్తకు. పేరు ఇచ్చి పని అడిగితే అది బేరమవుతుంది.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. అయినా అన్నం మానకు.

అక్క

*

ఇరవై తొమ్మిదో తేదీ

అక్కా,

పేర్లు మార్చాను. "ఈ నాలుగు డ్రైవర్లూ నేను రాయలేదు, నా భార్య రాసింది, రెండేళ్ళు నా పేరు పెట్టుకున్నాను" అని అందరికీ ఈమెయిల్ పంపాను. ఇరవై జవాబులు వచ్చాయి. కొన్ని మర్యాదగానే ఉన్నాయి.

జాబితా కూడా దిద్దాను. ఆ కార్డు వరుసని రెండు చేసి, పాత చిప్‌కి "నడుస్తుంది", కొత్త చిప్‌కి "నడవదు, ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో తొమ్మిది మిషన్లు ఆగాయి" అని రాశాను. అది నిజం కాబట్టి రాశాను, ఇంకో ఉద్దేశం లేదు.

స్కూలుకి వెళ్ళాను. తను ఒక మిషను విప్పుతోంది. చెప్పాల్సింది చెప్పాను. "చదివాను" అంది. నీ కార్డుల మాట ఎత్తలేదు. వచ్చేశాను.

రేపు ముప్ఫయ్యో తేదీ. నువ్వెలా గట్టెక్కుతావో తెలియడం లేదు.

నీ తమ్ముడు

*

తొమ్మిదో తేదీ

ప్రియమైన తమ్ముడికి,

గట్టెక్కలేదు. ముప్ఫయ్యో తేదీ పొద్దున్నే లారీ వచ్చి పాత మిషన్లు పట్టుకుపోయింది. నడిచే ఒక్క మిషను చాలక, ఆరు రోజులు ఫలితాలు చేత్తో రిజిస్టరులో రాసి, సరఫరా ఆఫీసుకి ఫోన్‌లో ఒక్కొక్కటే చదివాం. విభాగం బాధ్యత నా పక్క బల్ల ఆవిడకి ఇచ్చారు. "మీరు నిజం చెప్పారు, బాగుంది. మిషన్లు ఆగాయి, అదీ నిజమే" అన్నాడు పెద్దాఫీసరు. ఆయన మాటలో తప్పులేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మీ బావ సణగడం మానేసి పక్కన కూర్చున్నాడు.

ఆరో తేదీన ఒక కవరు వచ్చింది, మరదలి దగ్గర్నుంచి. ఫ్లాపీ, సగం పేజీ ఉత్తరం. ఆ సగం పేజీ నువ్వు చదవాలి కాబట్టి దించి రాస్తున్నాను.

"వదినా, జాబితాలో నీటి పరీక్షల ల్యాబ్ అని చూడగానే మీదేనని తెలిసింది. ఆ కొత్త చిప్‌కి డ్రైవర్ రాసి మూడు నెలలైంది. మా స్కూల్లో ముప్ఫై మిషన్ల మీద నడుస్తోంది. ఆయనకి ఇవ్వలేదు, అంతే. మీరు ఒక్క ముక్క రాసి ఉంటే మర్నాడే పంపేదాన్ని. కోపం ఆయన మీద గానీ కుళాయి నీళ్ళ మీద కాదు కదా. మీరెందుకు అడగలేదు? నేను కాదంటాననుకున్నారా, లేక అవుననాల్సి వస్తుందని నా మీద జాలిపడ్డారా?"

అరగంటలో తొమ్మిది మిషన్లూ లేచాయి. మూడు రోజులుగా ఒక్కటీ ఆగలేదు.

ఆ చివరి ప్రశ్న పదిసార్లు చదివాను. నిన్ను మందలిస్తూ పెద్ద ఉత్తరం రాశాను, న్యాయం నా వైపే ఉందనుకుంటూ. అడిగితే తను కాదనలేదని నాకు నేనే అనుకున్నాను, తన జవాబు కూడా నేనే చెప్పేసుకున్నాను. ఒకే ఇంట్లో ఎవరి పేరైతే ఏం అని తన బదులు నువ్వు అనుకోలేదా, నేనూ అదే చేశాను. దాని మూలంగా ఈ ఊళ్ళో ఆరు రోజులు ఫోన్ పట్టుకుని అంకెలు చదివాం. ఇందులో నీకంటే నేనేమీ మేలు కాదు.

నాలుగు నెలల్లో తన సంగతి నిన్నే అడిగాను గానీ, తన పేర ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆదివారం బస్సెక్కి తన గదికి వెళ్తున్నాను. ఆ ప్రశ్నకి జవాబు ముఖాముఖీ చెప్పాలి, క్షమించమని అడగాలి. నీ తరఫున ఒక్క మాటా మోసుకెళ్ళను, అక్కడ విన్నదేదీ నీకు మోసుకురాను.

నువ్వు వెళ్ళాలనుకుంటే నీ అంతట నువ్వు వెళ్ళు. ఇంటికి వస్తావా అని అడుగు. అడిగాక నోరు మూసుకుని, తను చెప్పేదాకా నిలబడు. రానంటే దాని అర్థం రానని.

ప్రేమతో,
నీ అక్క