అమ్మమ్మకి కుదుపు తగలకుండా

చిన్నీ,

అమ్మమ్మని డిశ్చార్జ్ చేయించడానికి నేను ముందు ఆసుపత్రికి వెళ్తున్నాను. నువ్వు కొత్త పికప్ తీసుకురా. టైర్లలో గాలి మరీ ఎక్కువుంటే పంక్చర్ షాపతను తగ్గించాడు. "ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది సార్, వెనకాల బరువెయ్యండి" అన్నాడు. అందుకే వెనక చక్రాల మీదికి మట్టి సంచులు సర్దాను. దించకు. గుంతల దగ్గర నెమ్మదిగా పోనీ. ఆవిడ తుంటి కుట్లు ఇంకా ఆరలేదు.

అవి మీ అమ్మ పూలకుండీల కోసం తెప్పించుకున్న సంచులే. తను పోయాక ఇన్నాళ్లూ వాటిని కదపడానికి నాకు చేతులు రాలేదు. వాళ్లమ్మ కోసం కాబట్టి ఇవాళ వచ్చాయి.

మరిచిపోయాను: 'మల్లెకి', 'గులాబీకి' అని సంచుల మీద తనే రాసిపెట్టుకుంది. పైన పట్టా కప్పాను, తీయకు. అమ్మమ్మ అడిగితే ఇసుక అని చెప్పు.

నాన్న