వినపడలేదని చెప్పడం

చందానగర్, హైదరాబాద్
గురువారం సాయంత్రం

నాన్నకు,

హారిక నమస్కరించి రాస్తున్నది. మూడు వారాల కిందట, మంగళవారం ఉదయం పదకొండు దాటి పది నిమిషాలకు, మిలిటరీ ఆసుపత్రిలో నా వైద్య పరీక్ష కాగితం మీద ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని రాశారు. కారణం కుడి చెవి. అప్పీల్ పరీక్ష ఈ సోమవారం. అందులో నెగ్గితేనే నేవీ ట్రైనింగ్‌కి పిలుపు వస్తుంది. వయసు లెక్కన నాకిదే చివరి బ్యాచ్.

యోగక్షేమాలు అడక్కముందే ఇది రాసినందుకు ఏమీ అనుకోకు. నువ్వెలా ఉన్నావు? అమ్మ మోకాలు ఎలా ఉంది? తమ్ముడు కాలేజీకి వెళ్తున్నాడా, బండి మీద ఊరు తిరుగుతున్నాడా? ఇక్కడ మేమంతా బాగున్నాం. పిన్నీ బాబాయీ నన్ను సొంత కూతురిలాగే చూసుకుంటున్నారు. తిండికీ నిద్రకీ లోటు లేదు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఫోన్‌లో మాత్రం అమ్మకి ‘మెడికల్ రిపోర్ట్ ఇంకా రాలేదు’ అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. దాన్ని ఈ ఉత్తరంతో సరిదిద్దుతున్నాను.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని అనుకుంటావు. కారణం కింద వస్తుంది. బాబాయి రేపు రాత్రి ఏదో పెళ్లికి కాకినాడ బయల్దేరుతున్నాడు. శనివారం జెట్టీ దగ్గరికే వచ్చి నీ చేతికిస్తాడు. నీ టగ్ ఇంజిన్ గదిలో ఒక్కడివే కూర్చుని చదువుకో.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బెంగళూరులో ఇంటర్వ్యూ నెగ్గానని నీకు తెలుసు. దానికి ముందు ఆరు నెలలు నా దినచర్య ఒకటే. పొద్దున ఐదుకి లేచి మదీనాగూడ పార్కు చుట్టూ పరుగు. అక్కడి నుంచి ఈత కొలను. ఎనిమిదిన్నరకి ఆటో పట్టుకుని నానక్‌రామ్‌గూడలో ఆఫీసు. తొమ్మిదో అంతస్తులో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సాయంత్రం దాకా టెస్టింగ్ పని. ఈత దగ్గర మొదటి నెలంతా నవ్వులపాలయ్యాను. కాకినాడ పిల్లనంటే కోచ్ నన్ను నేరుగా లోతు వైపు తీసుకెళ్లింది. నేను గట్టు వదల్లేదు. “సముద్రం పక్కన పుట్టి ఏం చేశావమ్మా ఇన్నాళ్లూ?” అంది. మా నాన్న నన్ను చీలమండల దాకానే దిగనిచ్చేవాడని చెప్పాను. ఇప్పుడు ఆగకుండా నాలుగు సార్లు అటూ ఇటూ వెళ్లొస్తున్నాను. ఈ సంగతి నీకు ఫోన్‌లో మూడు సార్లు చెప్పాను. మూడు సార్లూ ‘ఆ, మంచిది’ అన్నావు.

ఓడ సంగతులన్నీ నాకు చెప్పింది రాజమల్లు గారు. మా ఆఫీసు భవనంలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. సిద్దిపేట దగ్గర పల్లె. ఊళ్లో చెరువు తప్ప నీళ్లు చూడని మనిషి నేవీలో చేరి పదిహేనేళ్లు ఓడల మీద పనిచేశాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు పార్కింగ్ దగ్గర కూర్చోబెట్టి చెబుతాడు. పడకలు ఒకదాని మీద ఒకటి మూడు వరసలుంటాయట. పై పడకవాడు కాలు దించితే కింద పడకవాడి మొహం మీద పడుతుందట. నాలుగు గంటల డ్యూటీ, కాస్త విరామం, మళ్లీ డ్యూటీ. మంచినీళ్లు వదిలే టైములుంటాయి. ఒంటికి సబ్బు రాసుకున్నాక నీళ్లాగితే అలాగే డ్యూటీకెళ్లాలి. మొదటి వారం అందరూ కక్కుతారట, ఆఫీసర్లు కూడా. కడుపు ఖాళీగా పెట్టుకుంటే ఇంకా కష్టమనీ, జేబులో ఉప్పు బిస్కట్లు పెట్టుకోమనీ చెప్పాడు. నువ్వు ఇరవై ఆరేళ్లుగా హార్బరులో ఉండి నాకివేవీ చెప్పలేదు. నేనూ అడగలేదనుకో.

మెడికల్ ఇక్కడే సికింద్రాబాద్‌లో పడింది. మంగళవారం పరీక్ష అనగా ఆదివారం పిన్ని నాకు తలంటు పోసింది. ముందుగా గోరువెచ్చటి నువ్వుల నూనె రెండు చెవుల్లోనూ పోసి, దూది పెట్టి, గంటసేపు పక్కకి తిప్పి పడుకోబెట్టింది. మన ఇంట్లో పరీక్షలకి ముందు అమ్మ ఎప్పుడూ చేసే పనే. పదో తరగతికీ చేసింది, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకీ చేసింది. అవి కాగితం మీద రాసే పరీక్షలు. ఇది చెవిలో లైటు వేసి చూసే పరీక్ష అని పిన్నికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మరునాడు ఆ నూనె చెవులతోనే కొలనులో దిగాను.

మంగళవారం ముందు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: తల్లిదండ్రుల్లో, వారి తల్లిదండ్రుల్లో ఎవరికైనా వినికిడి లోపం ఉందా? ‘లేదు’ అని రాశాను. ఆలోచించి రాయలేదు. పక్క గడిలో షుగర్‌కి ‘లేదు’ అని రాశాను, దీనికీ అదే రాశాను.

తరవాత చెవి పరీక్ష. గది ఆ చివర డాక్టర్, ఈ చివర నేను, వీపు ఆమె వైపు. సహాయకురాలు నా ఒక చెవి మూస్తుంది. డాక్టర్ గుసగుసగా అంకెలు చెబుతుంది, నేను తిరిగి చెప్పాలి. ఎడమ చెవితో అన్నీ చెప్పాను. కుడి చెవితో మొదటి రెండు చెప్పాను. మూడోది వినపడలేదు. వినపడలేదు అనలేదు నాన్నా. ఏదో ఒక అంకె చెప్పేశాను. నాలుగోదీ అంతే. డాక్టర్ దగ్గరికొచ్చి, విని చెప్పావా, ఊహించి చెప్పావా అని అడిగింది. విన్నానన్నాను. ఆమె నా చెవిలో లైటు వేసి చూసింది. నూనె, గులిమి ముద్దగా పేరుకున్నాయట, కర్ణభేరి కనబడలేదట. కాగితం మీద రాసి ఇచ్చేసింది.

మరునాడు రాజమల్లు గారికి చెప్పాను. ముందు నవ్వాడు. “చెవుల నూనె పోసుకొని నేవీ మెడికల్‌కు పోయిన పిల్లను నిన్నే చూస్తున్న బిడ్డా.” తరవాత అంకెల సంగతి చెబితే నవ్వలేదు.

“ఓడల ఎట్లుంటదో ఎరికేనా? ఆఫీసరు ఒక మాట చెప్తే, చుక్కాని పట్టినోడు అదే మాట తిరిగి చెప్పాలె. చెప్పినంకనే తిప్పాలె. వినపడకుంటే వినపడలేదనాలె. దానికెవ్వరు తిట్టరు. వినపడనిది వినపడ్డదన్నోడినే దింపేస్తరు.”

మీ నాయిన ఏం పని చేస్తడని అడిగాడు. హార్బరులో పెద్ద ఓడల్ని లాగే టగ్‌లో ఇంజిన్ డ్రైవర్, ఇరవై ఆరేళ్ల సర్వీసు అన్నాను.

“ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటడు?”

ఎడమ చెవికి. కుడి జేబులోంచి తీసి ఎడమ చెవికి పెట్టుకుంటావు. ఆ ఒక్క ప్రశ్నతో మిగతావన్నీ వరసగా గుర్తొచ్చాయి. భోజనానికి ఎప్పుడూ కుడి వైపు గోడ ఉండేలా కూర్చుంటావు. టీవీ సౌండ్ అమ్మ తగ్గిస్తుంది, నువ్వు పెంచుతావు. కుడి వైపు నుంచి ఎవరేమన్నా ‘ఆ’ అంటావు. తమ్ముడు బండి కావాలని నీ కుడి వైపు నిలబడే అడిగాడు. నువ్వు ‘ఆ’ అన్నావు. మర్నాడు వాడు షోరూముకి తీసుకెళ్లేదాకా నీకు సంగతి తెలియదు. మేమంతా నవ్వుకున్నాం. నువ్వూ నవ్వావు. మాట తప్పకుండా బండి కొన్నావు. ఆ రోజు వినపడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు అనలేదు, మేమూ అడగలేదు. ఆ ఆసుపత్రి గదిలో నేను చేసిందీ అదే.

ఫోన్‌లో నువ్వు ‘ఆ’ అంటే విని అన్నావో, వినకుండా అన్నావో నాకు తెలియదు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

చందానగర్‌లో చెవి డాక్టర్‌కి చూపించాను. గులిమి తీశాడు. పది రోజులు చుక్కల మందు వేయించి, మొన్న మంగళవారం మెషీన్ మీద పరీక్ష చేశాడు. ఎడమ చెవి మామూలు. కుడి చెవి బాగుపడింది గానీ, సన్నటి శబ్దాల దగ్గర అంచు మీద ఉందన్నాడు. సోమవారం నెగ్గవచ్చు, తప్పవచ్చు. ఇది నూనె, నీళ్ల వల్ల వచ్చిన వాపు కావచ్చు, హెడ్‌ఫోన్ల వల్ల కావచ్చు, వంశంలో ఉన్నది కావచ్చు. మీ నాన్నది ఇంజిన్ మోతకి పోయిన చెవా, ముందు నుంచే తక్కువా అని అడిగాడు. మోతకి పోయినదైతే నాకు సంబంధం లేదట. చిన్నప్పుడు నానమ్మని పిలవాలంటే భుజం తట్టేవాళ్లం. ఆవిడ ఏ ఇంజిన్ గదిలోనూ పనిచేయలేదు. అందుకే జవాబు నాకు తెలియదు.

సోమవారం మళ్లీ అదే ఫారం నింపాలి. పిన్ని అంటుంది, “పోయినసారి ‘లేదు’ అని రాశావు కదే, ఇప్పుడూ అదే రాయి. కాకినాడ వచ్చి చూసేదెవరు?” చూసేవాళ్లు ఎవరూ లేరు, నిజమే. కానీ రేపు ఓడ మీద నాలుగు గంటల డ్యూటీలో, నేను విన్నానని చెప్పిన మాటని నమ్మి పడుకునేవాళ్లు ఉంటారు. ‘ఉంది’ అనే రాద్దామనుకుంటున్నాను.

చిక్కు ఒక్కటే. ఆ ఫారంలో నీ పేరు, నీ ఉద్యోగం, పనిచేసే చోటు ఉంటాయి. అవి మీ కంపెనీకి వెళ్లవని రాజమల్లు గారు గట్టిగా అన్నాడు. వెళ్లవని నాకు రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు. మీ కంపెనీ మెడికల్ ఏటా ఎలా నెగ్గుతున్నావో నేను అడగను. నీకింకా రెండేళ్ల సర్వీసుంది, తమ్ముడి చదువుంది. అందుకే నీకు చెప్పకుండా రాయను.

ఇందులో ఒక తెల్లకాగితం పెడుతున్నాను. రెండు మాటలు రాసి పంపు. ఒకటి, కుడి చెవి ఎప్పటి నుంచి, టగ్ ఎక్కకముందా, ఎక్కాకా? రెండు, నేను రాయొచ్చా, వద్దా? వద్దంటే సోమవారం ఆసుపత్రికి వెళ్లను. ఆఫీసు పని ఉంది, బతుకుతాను, నీ మీద కోపం ఉండదు. ‘లేదు’ అని రెండోసారి రాయడం మాత్రం నా వల్ల కాదు. ఇది అలిగి అంటున్న మాట కాదు. కాగితం మీద ‘ఆ’ అని మాత్రం రాసి పంపకు.

ఏది రాసినా, వీలు చూసుకుని ఒకసారి ఇక్కడికి రా. అదే డాక్టర్‌కి చూపిద్దాం. ఇంజిన్ గదిలో పైనుంచి ఎవరైనా కేక వేస్తే నీకు వినపడాలి కదా. ఇదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

అమ్మకి నువ్వే చెప్పు. నూనె సంగతి చెప్పేటప్పుడు పిన్నిని ఏమీ అనొద్దను. ఆవిడ మూడు వారాలుగా నా మొహం చూడ్డానికే ఇదవుతోంది. కాజాలు పంపొద్దు, బరువు చూస్తారు. రాజమల్లు గారికి ఎండు రొయ్యలు కాసిని బాబాయి చేత పంపు. ఓడ దిగాక ఆ రుచి దొరకలేదని ఎన్నిసార్లు చెప్పాడో. పెదనాన్నకీ పెద్దమ్మకీ నా నమస్కారాలు. నువ్వూ అమ్మా ఎప్పటిలాగే దీవించండి.

బాబాయి ఆదివారం సాయంత్రం రైలెక్కుతాడు. సోమవారం పొద్దున ఆరింటికి లింగంపల్లిలో దిగుతాడు. నేను ప్లాట్‌ఫామ్ మీద ఉంటాను. ఎనిమిదిన్నరకి ఆసుపత్రి గేటు దగ్గర పేరు పిలుస్తారు. ముందు ఫారం, తరవాత కుడి చెవి.

నీ కూతురు
హారిక