అక్క రాసిన స్పానిష్

ఫిబ్రవరి 3

ఆఫీసులో నా పేరు టెక్స్ట్‌బుక్ అని స్థిరపడిపోయింది. పెట్టింది పక్క సీటు అక్క. హ్యాంగ్ ఇన్ దేర్ అంటే ఎక్కడ వేలాడమని అక్కా అని అడిగాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, ఒసేయ్ టెక్స్ట్‌బుక్, నువ్వు మాత్రం ఎక్కడా వేలాడకే తల్లీ అంది. ఫ్లోరంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత వెళ్లి ముఖం కడుక్కున్నాను.

అక్కే టీ తెచ్చిచ్చింది. కష్టంలో ఉన్నవాడి భుజం తట్టి, కాస్త ఓపిక పట్టరా అనడమే, అంతకంటే ఏం లేదు అని చెప్పింది. నేను స్పానిష్‌లో ఆనిమో అని టైప్ చేశాను. ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయింది.

మా పనే ఇది. ఒక కంపెనీ వాళ్లు చాట్‌లో కస్టమర్లతో స్నేహితుల్లా ఇంగ్లీషు మాట్లాడతారు. ఆ చనువు చెడకుండా స్పానిష్‌లో పెట్టాలి. అక్క తొమ్మిదేళ్లు ఇంగ్లీషు కాల్స్ తీసుకుంది. స్పానిష్ మాత్రం ఆరు నెలల కోర్సు. నాది స్పానిష్‌లో డిగ్రీ, స్కాలర్‌షిప్ మీద. ఇంగ్లీషు మాత్రం పుస్తకాల్లోదే. ఆమె అర్థం చెబుతుంది, నేను మాట చెబుతాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

ఫిబ్రవరి 11

నువ్వు చేసే పనేంటే అని అమ్మ అడిగింది. ఒక దేశం వాళ్ల పిచ్చాపాటీ ఇంకో దేశం వాళ్లకు అందించడం అన్నాను. ఓసి దీని దుంపతెగ, దానిక్కూడా జీతమిస్తారా అంది. నాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నీకెందుకే, దాని చదువు దానిది అన్నాడు. ఆయనకు సంతకం రాదు. షాపుకు బట్టలు తెచ్చిన ప్రతివాళ్లకూ నా ఐడి కార్డు చూపిస్తాడు. అందులో టెంపరరీ అని ఉన్న సంగతి ఆయనకు తెలియదు.

ఫిబ్రవరి 20

మా రెండు సీట్లలో ఒకటే పర్మనెంట్ చేస్తారట. లీడ్ మేడమ్ పిలిచి చెప్పింది. చెరో అరవై వాక్యాలు, ఎవరివి వాళ్లకు వేరు. సోమవారం పదింటికల్లా ఇవ్వాలి. రెండో మనిషి నెలాఖరుకు వెళ్లిపోవాలి.

బయటికి రాగానే అక్క నా జడ లాగి, ఏడుపు ముఖం పెట్టకే, నీ అరవై నేను చూస్తా, నా అరవై నువ్వు చూడు, ఎవరికి రాసిపెట్టుంటే వాళ్లకొస్తుంది అంది. అక్క వాళ్లింట్లో జీతం ఆమెదొక్కటే.

ఫిబ్రవరి 22, ఆదివారం, ఉదయం 11

అక్క ఫోన్లో రెండు గంటలు కూర్చుంది. నా అరవై ఒక్కొక్కటిగా చెప్పింది. ఐయామ్ డౌన్ ఫర్ దట్ అంటే దిగులని రాసుకున్నాను. ఛీ కాదు, నేనూ వస్తానని హుషారుగా ఒప్పుకోవడం అంది. మే ఆపుంతో అని మార్చాను. మధ్యలో వాళ్ల పాప ఏడిస్తే ఒక చేత్తో దానికి తినిపిస్తూనే చెప్పింది. ఒక్కటి కూడా తప్పుగా చెప్పలేదు. అన్నీ వెతికి చూసుకున్నాను.

సాయంత్రం 4

అక్క ఫైలు వచ్చింది. నీదే భారం తల్లీ అని మెసేజ్.

పద్నాలుగు తప్పులు. హిట్ మీ అప్‌కి గోల్పేయామే అని రాసింది. ఏమైనా కావాలంటే నన్ను కొట్టండి అని కస్టమర్‌తో అంటున్నట్టు. అవీసమే అంటే సరిపోయేది, నాకో మాట చెప్పండి అని. పద్నాలుగింటికీ సరైనవి నా నోట్‌బుక్కులో రాశాను. దస్తూరి బాగా కుదిరింది.

5.10

బాగుంది అక్కా అని పంపాను. కాసేపాగి, చాలా బాగుంది అని మళ్లీ పంపాను.

ఫిబ్రవరి 23

ఇద్దరం ఇచ్చేశాం.

ఫిబ్రవరి 26

అందరినీ కూర్చోబెట్టి చదివించింది మేడమ్. స్క్రీన్ మీద రివ్యూయర్, స్పానిష్ ఆయన ఇంటి భాష. అక్క తప్పులు ఒక్కొక్కటీ చదివి వాటికి అర్థం చెప్పాడు. నన్ను కొట్టండి దగ్గర మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. అక్క కూడా నవ్వింది. అందరూ ఆపేశాక కూడా నవ్వుతూనే ఉంది.

ఇచ్చేముందు ఎవరికైనా చూపించావా అని మేడమ్ అక్కను అడిగింది. అక్క నా వైపు చూడలేదు. లేదు మేడమ్, తొందరలో ఇచ్చేశా అంది.

పోస్టు నాది.

మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. చూడకుండానే బాగుందన్నావు కదే, నాకు తెలుసులే, నీ కంగారులో నువ్వున్నావు, పరీక్ష రోజు నీ నెత్తిన పెట్టడం నాదే బుద్ధి తక్కువ అంది. నీ పేరు చెబితే నీదీ పోయేది, అందుకే నోరు మూసుకున్నా అంది.

అవునక్కా, చూడలేదు అన్నాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆమే తుడిచింది.

ఫిబ్రవరి 27

అక్క వెళ్లిపోయింది. కుర్చీలో వేసుకునే దిండు నాకిచ్చింది. మెత్తగా ఉంది.

మార్చి 30

గుడ్ ఫర్ యూ. మెచ్చుకోవడమో ఎత్తిపొడవడమో తెలియక గంట కూర్చున్నాను. చివరికి అక్కకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. అనేవాడి గొంతును బట్టి ఉంటుందే అని, రెండు రకాలుగా అని వినిపించింది. పనేమైనా దొరికిందా అని నేను అడగలేదు. పెట్టేశాక గుర్తొచ్చింది.

ఏప్రిల్ 17

బయటి నుంచి ఫ్రీలాన్సర్లను తీసుకుంటున్నారు. పరీక్ష పేపర్లు దిద్దే పని నాకిచ్చారు. పేర్లుండవు, నంబర్లే. పది తప్పులుంటే ఫెయిల్.

అక్క ఫోన్ చేసింది. తనూ రాసిందట. ఈసారి నిన్ను విసిగించలేదే, పాప లేవకముందే లేచి రోజూ చదివా అంది. నంబరు చెప్పను, నీకు ఇబ్బంది అంది. సంతోషం అక్కా అన్నాను.

ఆమె లోపలికొస్తే ఏదో ఒక రోజు మేడమ్ ముందే నవ్వుతూ, ఆరోజు ఈ టెక్స్ట్‌బుక్ చూడకుండానే బాగుందనేసింది మేడమ్ అంటుంది. ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదు. మేడమ్ నవ్వదు. దిద్దే ప్రతిదీ నేను రాసి పెట్టుకుంటానని ఆమెకు తెలుసు, మొదట నా నోట్‌బుక్కు చూపించమంటుంది.

ఏప్రిల్ 21

ఇరవై ఏడో నంబరు అక్కదే. నో వర్రీస్ పక్కన, చిరునవ్వుతో అనాలి అని రాసుకునేది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే.

బాగా చదివింది. నిజంగా బాగా చదివింది. మూడుసార్లు దిద్దాను.

ఏప్రిల్ 22

నంబరు 27. పది తప్పులు. ఫెయిల్.

తొమ్మిది అక్కవి.